ఎడారి బాటన ఇరవై ఒక్క కిలోమీటర్లు

‘పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు’ అన్నారు మన పెద్దలు. నిజానికి తెలుగునాట పరుగుకు పెద్ద గౌరవం లేదు. తొందరపాటుకూ, తాపత్రయానికీ, తీరిక లేని సంసారానికీ మనం వాడే మాట ‘ఉరుకులు పరుగులు’. ఊళ్ళో నడివయసు మనిషి ఎవరైనా పరుగెడుతూ కనిపిస్తే ‘ఏమైంది, ఎవరికైనా ప్రమాదమా?’ అని ఆదుర్దాగా అడుగుతామే తప్ప ఆయన సరదాకి పరుగెడుతున్నాడని అనుకోం. అటువంటి మనవాళ్ళలో కొందరు, పొట్ట చేతబట్టుకుని వచ్చిన ఈ సౌదీ అరేబియాలో, చలికాలపు తెల్లవారుజామున ఛాతీకి నంబరు తగిలించుకుని, ఎవరూ తరమకుండానే, ఏ బస్సూ తప్పిపోకుండానే, 21 కిలోమీటర్ల పైచిలుకు దూరం పరుగెత్తడానికి వరుసలో నిలబడుతున్నారు. దీన్ని హాఫ్ మారథాన్ అంటారు.

ఇది ఒక కొత్త సరదా అని కొట్టిపారేయడం తేలిక. కాని ఈ పరుగు ఈ దేశంలో వీధిలోకి రావడానికి ఎంతకాలం పట్టిందో, ఎవరెవరు గోడల వెనక ఎంతకాలం ఆగవలసి వచ్చిందో తెలుసుకుంటే, అది కాళ్ళకు సంబంధించిన కథ మాత్రమే కాదని అర్థమవుతుంది. ఆ కథను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ దూరం ఎక్కడిది?

మారథాన్ అనే మాట గ్రీసు దేశంలోని ఒక మైదానం పేరు. క్రీస్తుపూర్వం 490లో అక్కడ పారశీకులపై ఏథెన్సు వారు గెలిచిన యుద్ధం నుంచి ఒక వార్తాహరుడు విజయవార్త మోసుకుంటూ పరుగెత్తాడన్న ఐతిహ్యమే ఈ పందేనికి మూలం. 1896లో తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో ఆ పందెం పెట్టారు. అప్పటికి దూరం సుమారు 40 కిలోమీటర్లు. 1908లో లండన్ ఒలింపిక్స్‌లో పందేన్ని విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగించారు. అలా వచ్చిన కొలత 26 మైళ్ళ 385 గజాలు, అంటే 42.195 కిలోమీటర్లు. 1921లో ఆ కొలతనే అంతర్జాతీయ సమాఖ్య స్థిరపరిచింది. ఒక రాజకుటుంబపు సౌకర్యం కోసం పడిన లెక్క ఈనాటికీ ప్రపంచమంతటా చెల్లుతోందన్నమాట.

అందులో సరిగ్గా సగం, 21.0975 కిలోమీటర్లు, హాఫ్ మారథాన్. హైదరాబాదు వారికి అర్థమయ్యేలా చెప్పాలంటే, దాదాపుగా చార్మినార్ దగ్గర బయలుదేరి గోల్కొండ కోటదాకా వెళ్ళి మళ్ళీ చార్మినార్ చేరుకున్నంత. ఒలింపిక్స్‌లో దీనికి చోటు లేదు. ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా 1992లోగాని మొదలు కాలేదు. కాని మామూలు మనిషికి ఈ దూరమే అందింది. ఉద్యోగం, సంసారం చూసుకుంటూ మూడు నాలుగు నెలలు సాధన చేస్తే రెండు, రెండున్నర గంటల్లో ముగించగల దూరం ఇది. పూర్తి మారథాన్‌లో 30 కిలోమీటర్లు దాటాక కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం అయిపోయి కాళ్ళు కదలని స్థితి వస్తుంది. సగం దూరానికి ఆ నిల్వ చాలావరకు సరిపోతుంది. అందుకే ప్రపంచంలో ఏ నగరం చూసినా పూర్తి పందెం పక్కన సగం పందెం నడుస్తుంది, చాలాచోట్ల జనం సగం దానికే ఎక్కువ వస్తారు.

మనకూ వార్తలు మోసిన పరుగు వీరులు ఉండేవారు. తెలుగుదేశంలో ఒకప్పుడు తపాలా సంచిని భుజాన వేసుకుని, బల్లేనికి గజ్జెలు కట్టుకుని, అడవి దారుల్లో పరుగెత్తిన టపా బంట్రోతులు ఒకరి తరువాత ఒకరు ఉత్తరాలు అందించేవారు. రైలు వచ్చాక వారి పరుగు ఆగిపోయింది. వారి పేర్లను ఎవరూ రాసి పెట్టుకోలేదు.

అరబ్బు నేలపై పాదచారులు

ఎడారి అనగానే మనకు ఒంటె, గుర్రం గుర్తుకొస్తాయి. కాని అరబ్బుల పాత సాహిత్యంలో కాలినడకన గుర్రాలను ఓడించిన వాళ్ళున్నారు. ఇస్లాం రావడానికి ముందు కాలంలో, తెగల నుంచి వెలివేయబడి ఎడారిలో తిరుగాడిన కవుల్ని ‘సులూక్’లు అనేవారు. వారిలో అష్షన్‌ఫరా, తఅబ్బత షర్రన్, సులైక్ అనే వారు కవిత్వానికెంత ప్రసిద్ధులో పరుగుకూ అంతే ప్రసిద్ధులు. గుర్రం కొనే స్తోమత లేనివాడికి, తెగ అండ లేనివాడికి కాళ్ళే ఆస్తి. ‘షన్‌ఫరా కన్నా పెద్ద పరుగుగాడు’, ‘సులైక్ కన్నా పెద్ద పరుగుగాడు’ అన్నవి అరబ్బీలో సామెతలే అయిపోయాయి. 12వ శతాబ్దపు అల్ మైదానీ సామెతల సంకలనంలో ఇటువంటివి కనిపిస్తాయి. మన సామెత నిలబడమంటే వారి సామెత పరుగెత్తేవాడిని కొలమానంగా తీసుకుంది. వారికి నిలబడి తాగడానికి నీళ్ళు దొరికే నేల కాదు మరి!

ఇస్లాం తొలి రోజుల్లో సలమా ఇబ్న్ అల్ అక్వా అనే సహచరుడు, ఒంటెల్ని తోలుకుపోతున్న దోపిడీదారులను ఒంటరిగా కాలినడకన వెంటాడిన కథ ప్రసిద్ధం. ముహమ్మద్ ప్రవక్త తన భార్య ఆయిషాతో పరుగుపందెం వేశారనీ, మొదటిసారి ఆమె గెలిచిందనీ, తరువాత ఒకసారి ఆయన గెలిచి దానికి ఇది చెల్లు అన్నారనీ హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఇరవయ్యొకటో శతాబ్దంలో ఆడవాళ్ళ వ్యాయామం గురించి ఈ దేశంలో వాదోపవాదాలు జరిగినప్పుడు, ఈ సంఘటనను గుర్తుచేసినవారు చాలామంది.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. మక్కాలో హజ్, ఉమ్రా యాత్రికులు సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు తిరుగుతారు. ఒక్కొక్క విడత సుమారు 450 మీటర్లు, మొత్తం మూడు కిలోమీటర్ల పైమాట. దప్పికతో ఏడ్చే పసిబిడ్డ కోసం నీళ్ళు వెతుకుతూ హాజరా అనే తల్లి అటూ ఇటూ పరుగెత్తిన జ్ఞాపకం అది. ఈ నేలమీద అందరికంటే ఎక్కువమంది తలుచుకునే పరుగు ఒక ఆడమనిషి పరుగు, ఒక తల్లి పరుగు.

చమురు వచ్చాక

1932లో సౌదీ రాజ్యం ఏర్పడింది. 1938 మార్చిలో దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు పడింది. దహ్రాన్‌లో చమురు కంపెనీ తన ఉద్యోగుల కోసం చెట్లతో, కాలిబాటలతో, ఆటస్థలాలతో ఒక ఊరినే కట్టింది. చిత్రమేమిటంటే అదే 1938లో కౌలాలంపూర్‌లో కొందరు ఆంగ్లేయ ఉద్యోగులు ‘హాష్ హౌస్ హారియర్స్’ అనే పరుగు బృందాన్ని మొదలుపెట్టారు. ఒకడు ముందుగా వెళ్ళి కాగితం ముక్కలతోనో పిండితోనో గుర్తులు పెడితే మిగతావారు ఆ జాడ పట్టుకుని పరుగెత్తడం ఆ ఆట. చమురు డబ్బుతో పాటు వచ్చిన విదేశీయుల వెంట ఆ అలవాటు సౌదీకీ వచ్చింది. రియాద్, జెద్దా, దహ్రాన్ చుట్టుపక్కల ఎడారుల్లో సెలవునాటి సాయంత్రాలు తెల్లవాళ్ళు గుంపులుగా పరుగెత్తేవారు.

1973లో చమురు ధరలు పెరిగాక నగరాలు ఒక్కసారిగా విస్తరించాయి. ఆ విస్తరణ కారుకోసం జరిగింది. ఎనిమిది వరుసల రోడ్లు, వాటి పక్కన ఎత్తైన గోడల ఇళ్ళు, నడవడానికి కాలిబాట లేదు, ఉన్నా నీడ లేదు. జెద్దా నగరానికి మాత్రం 1972 నుంచి 1986 వరకు మేయరుగా ఉన్న మహమ్మద్ సయీద్ ఫార్సీ సముద్రతీరాన కార్నిష్ కట్టించి శిల్పాలతో అలంకరించాడు. నడిచేవాడికి అదొక వరం. రియాద్‌లో వాడీ హనీఫా, సుమారు 120 కిలోమీటర్ల లోయ, ఎంతోకాలం చెత్తకూ మురుగునీటికీ నిలయంగా ఉండి, దీర్ఘకాల కృషితో మళ్ళీ పచ్చబడింది. ఆ పునరుద్ధరణకు 2010లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. ఇవాళ రియాద్ పరుగువీరులకు ఇష్టమైన చోట్లలో అదొకటి.

మనవాళ్ళ రాక కూడా ఆ డెబ్బైల తరువాతనే జోరందుకుంది. అంతకుముందు రాకపోకలు ఎదురుదిక్కున సాగేవి. హద్రమౌత్ నుంచి అరబ్బులు నిజాం సైన్యంలో కొలువుకు హైదరాబాదు వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డారు. నిజాం తన రాజ్యం యాత్రికుల కోసం మక్కాలో రుబాత్‌లు, అంటే సత్రాలు ఏర్పాటు చేశాడు. చమురు వచ్చాక బతుకు బాట దిశ మార్చుకుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి బయలుదేరినవారికి ఇక్కడ పరుగంటే పనిలో పరుగే.

ఆటల విషయానికొస్తే, సౌదీ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ నుంచి పాల్గొంటోంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో హాదీ సువాన్ అల్ సుమైలీ 400 మీటర్ల హర్డిల్స్‌లో 47.53 సెకన్లకు రజతం తెచ్చి దేశానికి తొలి ఒలింపిక్ పతకం సంపాదించిపెట్టాడు. అయితే స్టేడియంలో ఒకడు పరుగెత్తడం వేరు, వీధిలో అందరూ పరుగెత్తడం వేరు.

గోడకు అవతల

ఆ ‘అందరూ’ అన్నమాటలో సగంమంది లేరు. సర్కారు బడుల్లో ఆడపిల్లలకు వ్యాయామ పాఠమే ఉండేది కాదు. ఆడవాళ్ళు నడవాలంటే ఇంటి ఆవరణలో, లేదా నల్లని అబాయా వేసుకుని పార్కుల అంచుల్లో. విదేశీయుల కాంపౌండ్లలో మన ఆడవాళ్ళు కూడా గోడ వెంబడే గుండ్రంగా తిరిగేవారు. ఆ గోడ ఎంత పొడవుంటే వారి ప్రపంచం అంత.

అరబ్బు లోకంలో ఇతర దేశాలు అప్పటికే కదిలాయి. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మొరాకోకు చెందిన నవాల్ అల్ ముతవక్కిల్ 400 మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణం గెలిచింది. ఆడవాళ్ళకు ఒలింపిక్ మారథాన్ పెట్టింది కూడా ఆ ఏడాదే. అంతకుముందు అంత దూరం ఆడదాని శరీరం ఓర్చుకోలేదని పాశ్చాత్య దేశాల పెద్దలే వాదించారు. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ పరుగెడుతుండగా ఒక అధికారి ఆమె నంబరు పీకివేయబోయిన సంగతి లోకానికి తెలిసిందే. 1992లో అల్జీరియా వనిత హసీబా బూల్మెర్కా బెదిరింపుల మధ్యనే 1500 మీటర్ల స్వర్ణం గెలిచింది. కాబట్టి ఆడవాళ్ళను ఆపడం ఏ ఒక్క మతానికో దేశానికో పరిమితమైన జబ్బు కాదు. ఎక్కడికక్కడ వేరువేరు కాలాల్లో మందు దొరికింది.

సౌదీలో ఆ మార్పు మెల్లగా వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు తొలిసారి ఇద్దరు సౌదీ మహిళలు వెళ్ళారు. వారిలో సారా అత్తార్ 800 మీటర్ల పందెంలో అందరికంటే చివర, ముందువారికి అర నిమిషానికి పైగా వెనక వచ్చింది. స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నాలుగేళ్ళ తరువాత రియోలో ఆమె మారథాన్ పూర్తిచేసింది. 2013లో ప్రైవేటు బడుల్లో ఆడపిల్లలకు ఆటలు అనుమతించారు. ఆ ఏడాదే జెద్దాలో ఆడామగా కలిసి పరుగెత్తే ఒక యువబృందం మొదలైంది. 2016లో ఏప్రిల్‌లో మతరక్షక భటులకు అరెస్టు చేసే అధికారం తీసివేశారు. ఆ నెలలోనే ‘విజన్ 2030’ ప్రణాళిక వచ్చింది. వారానికొకసారైనా వ్యాయామం చేసేవారి సంఖ్యను 13 శాతం నుంచి 40 శాతానికి పెంచాలని అందులో రాసుకున్నారు. 2017 జులైలో సర్కారు బడుల ఆడపిల్లలకు వ్యాయామ విద్య ప్రకటించారు. ఆ సంవత్సరమే రాకుమారి రీమా బిన్త్ బందర్ సామూహిక క్రీడల సమాఖ్యకు అధ్యక్షురాలైంది.

2018: రెండు పరుగులు

2018 ఫిబ్రవరిలో రియాద్ వీధుల్లో అంతర్జాతీయ హాఫ్ మారథాన్ జరిగింది. సౌదీ చరిత్రలో అది ఒక మైలురాయి. వేలమంది వచ్చారు, రోడ్లు మూశారు, కార్లు ఆగి మనుషులకు దారి ఇచ్చాయి. అయితే అందులో ఆడవాళ్ళు లేరు. దేశంలోనూ బయటా విమర్శలు వచ్చాయి.

దానికి జవాబుగానో కొనసాగింపుగానో కొద్ది రోజులకే, మార్చి 3న, తూర్పున అల్ అహ్సాలో ఆడవాళ్ళకు విడిగా పరుగు పెట్టారు. దూరం మూడు కిలోమీటర్లు. సుమారు 1500 మంది పాల్గొన్నారు. ఖర్జూర తోటలకు పేరుపొందిన ఒయాసిస్ అది. పెళ్ళికాని పిల్లలు, తల్లులు, నడిచేవారు, పరుగెత్తేవారు, అందరూ వీధిలోకి వచ్చారు. మిజ్నా అల్ నస్సార్ అనే యువతి గెలిచింది. అయిదు రోజుల తరువాత మార్చి 8న, అంతర్జాతీయ మహిళాదినం నాడు, జెద్దాలోని పాతబస్తీ అల్ బలద్ సందుల్లో కొందరు ఆడవాళ్ళు పరుగెత్తారు. వారికి కారు నడిపే హక్కు రావడానికి ఇంకా మూడున్నర నెలలుంది. ఆ హక్కు జూన్ 24న వచ్చింది. అంటే ఈ దేశపు స్త్రీ రోడ్డు మీదికి ముందు తన కాళ్ళతో వచ్చి, ఆ తరువాత చక్రాలతో వచ్చింది.

అల్ అహ్సా పరుగు దూరం హాఫ్ మారథాన్‌లో ఏడో వంతు. సఫా, మర్వాల మధ్య ఏడు విడతలంత. గడియారాల లెక్కలో దానికి విలువ లేకపోవచ్చు. కాని సౌదీలో దూరపు పరుగు చరిత్ర రాసేవారు 21 కిలోమీటర్ల కంటే ఈ మూడు కిలోమీటర్లకే ఎక్కువ పేజీలు ఇవ్వవలసి ఉంటుంది.

2022 మార్చి 5న రియాద్‌లో తొలి పూర్తి మారథాన్ జరిగింది. దానితోపాటు హాఫ్ మారథాన్, 10 కిలోమీటర్లు, 4 కిలోమీటర్ల పరుగులూ పెట్టారు. పదివేలమంది దాకా వచ్చారు. ఈసారి ఆడామగా ఒకే రోజున ఒకే దారిన పరుగెత్తారు. నాలుగేళ్ళలో వచ్చిన మార్పు అది. ఆ తరువాతి ఏళ్ళలో జనం ఇంకా పెరిగారు. 2019లో ప్రకటించిన రియాద్ ‘స్పోర్ట్స్ బులివార్డ్’, వాడీ హనీఫాను నగరం తూర్పు అంచుతో కలుపుతూ 135 కిలోమీటర్ల నడకబాటల పథకం, అందులో తొలి భాగాలు 2025 ఫిబ్రవరిలో తెరుచుకున్నాయి. కార్లకోసం కట్టిన నగరం పాదాలకోసం మళ్ళీ తవ్వుకుంటోంది.

ఎండా చెమటా

సౌదీలో సాధన చేయడం హైదరాబాదులోనో విశాఖలోనో చేసినట్టు కాదు. ఇక్కడ మొదటి గురువు సూర్యుడే. శరీరం చల్లబడేది చెమట పట్టడం వల్ల కాదు, చెమట ఆరడం వల్ల. మన మట్టికుండ నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది. రియాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కుండ బాగా పనిచేస్తుంది. అయితే చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. చొక్కామీద తెల్లని ఉప్పు చారలు చూసుకుంటేగాని ఎంత నీరు పోయిందో తెలియదు. జెద్దా, దమ్మామ్‌లలో సముద్రపు తేమ వల్ల చెమట కారుతుందేగాని ఆరదు. అక్కడ ఒళ్ళు లోపల్లోపల వేడెక్కిపోతుంది. అదే ప్రమాదం. 2019 సెప్టెంబరులో పొరుగున ఉన్న దోహాలో ప్రపంచ చాంపియన్‌షిప్ మహిళల మారథాన్‌ను ఎండకు భయపడి అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా బయలుదేరిన 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. వారంతా ప్రపంచస్థాయి వారు.

అందుకే ఇక్కడ పందేలు చలికాలంలోనే. రియాద్‌లో జనవరి, ఫిబ్రవరి ఉదయాలు పది డిగ్రీల ఛాయల్లో ఉంటాయి. దూరపు పరుగుకు అంతకంటే మంచి వాతావరణం మరొకటి లేదు. గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో 2007 ఫిబ్రవరిలో కెన్యా యువకుడు శామ్యూల్ వంజీరు 58 నిమిషాల 53 సెకన్లతో హాఫ్ మారథాన్ ప్రపంచ రికార్డు నెలకొల్పాడంటే ఆ చలికాలపు మహిమ కొంత ఉంది.

మామూలు ఉద్యోగి సాధన ఇలా సాగుతుంది. అక్టోబరు చివర ఎండ తగ్గగానే మొదలు. వారానికి మూడు నాలుగు రోజులు, ఫజర్ నమాజు పిలుపు వినబడే వేళకే లేవాలి. మామూలు రోజుల్లో అయిదారు కిలోమీటర్లు, పక్కవారితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా. ఒకరోజు కొంచెం వేగంగా. శుక్రవారం తెల్లవారుజామున మాత్రం దూరపు పరుగు. 2013 జూన్ దాకా ఇక్కడ వారాంతం గురు, శుక్రవారాలు. ఆ తరువాత శుక్ర, శనివారాలైంది. దూరాన్ని వారానికొక కిలోమీటరో, ఒకటిన్నరో పెంచుకుంటూ, నాలుగో వారం కాస్త తగ్గించుకుంటూ, పందేనికి మూడు వారాల ముందు 17, 18 కిలోమీటర్లకు చేరాలి. చివరి రెండు వారాలు తగ్గించేయాలి. మొదటిసారి పరుగెత్తేవారికి ఇదే కష్టం. బాగా సాధన చేసినవాడికి ఊరికే కూర్చోవడం చేతకాదు.

తిండి విషయంలో మనకు దిగులు లేదు. పరుగుకు ముందు రెండు ఖర్జూరాలు, తరువాత ఉప్పు కలిపిన మజ్జిగ. ఇక్కడి లబన్ మన మజ్జిగకు స్వయానా అన్నదమ్ముల బిడ్డ. ఒట్టి నీళ్ళే అతిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదొక ప్రమాదమని వైద్యులు చెబుతారు. కాబట్టి ఉప్పు మజ్జిగ మన పెద్దల తెలివే.

రంజాన్ నెల ప్రతి ఏడూ పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది. 2025లో మార్చి మొదటి రోజున మొదలైన ఉపవాసాలు ఏటేటా ఫిబ్రవరిలోకీ, జనవరిలోకీ జరుగుతాయి. అంటే పందేల ఋతువూ ఉపవాసాల నెలా ఒకదానిమీదికి ఒకటి వస్తాయి. ఆ నెలలో పరుగెత్తేవారు ఇఫ్తార్‌కు కొంచెం ముందో, రాత్రి నమాజు తరువాతో నెమ్మదిగా కాళ్ళు ఆడిస్తారు. ఇతర మతాల వారైనా మనమూ పగటిపూట వీధిలో నీళ్ళ సీసా ఎత్తకుండా ఆ మర్యాద పాటించాలి.

పరుగెత్తలేనివారు

ఇక మనసులోని మాట. ఈ పరుగుల ఫోటోల్లో మనకు కనిపించే తెలుగువారు ఇంజనీర్లు, డాక్టర్లు, కంప్యూటరు ఉద్యోగులు, వారి భార్యాబిడ్డలు. కుర్చీలో కూర్చునే ఉద్యోగం, కారులో ప్రయాణం, రాత్రి పదింటికి భోజనం, నలభై దాటకుండానే షుగరు. వారికి ఈ పరుగు నిజంగా మందు. ఇంటినుంచి వేల మైళ్ళ దూరంలో, పలకరించే దిక్కులేని ఉద్యోగికి శుక్రవారం పరుగు బృందం ఒక బంధువర్గం కూడా.

కాని ఈ దేశంలో మనవాళ్ళందరూ వారే కాదు. పరుగుబాటకు రాళ్ళు పరిచిన మేస్త్రీ ఉన్నాడు. పందెం ముగిశాక విసిరేసిన నీళ్ళ సీసాలను ఏరే పారిశుద్ధ్య కార్మికుడున్నాడు. ఊరికి దూరంగా ఎడారిలో గొర్రెలు కాసేవాడున్నాడు. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళున్నారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదని ఇక్కడి చట్టం. మనం చలికాలంలో రెండు గంటలు సరదాగా కార్చే చెమటను వారు మిగిలిన గంటలన్నింటిలో జీతానికి కారుస్తారు. పది గంటలు ఇటుకలు మోసినవాడికి వ్యాయామం అక్కరలేదు, విశ్రాంతి కావాలి. ఇంట్లో పనిచేసే చెల్లెలికి వారానికొక పూట బయటికి రావడం యజమాని దయమీద ఆధారపడి ఉంటుంది. ఆమెకు ఆ గోడ ఇంకా కూలలేదు.

పరుగు తప్పని నేను అనడం లేదు. తనకు నచ్చినట్టు గడపగల రెండు గంటల తీరిక, భయం లేకుండా కాలు పెట్టగల రోడ్డు, ఈ రెండూ ఉంటేనే పరుగు సరదా అవుతుంది. 2018కి ముందు సౌదీ స్త్రీకి రోడ్డు లేదు. ఇవాళ మన కూలీకి తీరిక లేదు. మొదటిది ఒక దేశం తలచుకుంటే నాలుగేళ్ళలో మారింది. రెండోది మనం తలచుకుంటే కొంతైనా మారదా?

మన ఊళ్ళలోనూ పరుగు పాకుతోంది. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ సంఘం పుణ్యమా అని ఏటా ఆగస్టులో భాగ్యనగరపు ఫ్లైఓవర్ల మీద వేలమంది పరుగెడుతున్నారు. విశాఖ తీరంలో నావికాదళం మారథాన్ నడుపుతోంది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో కూలిపని చేసుకునే తల్లిదండ్రులకు పుట్టిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. కాళ్ళలోని బలం కులాన్నీ జీతాన్నీ చూసి రాదని ఆ అమ్మాయి నిరూపించింది.

అందుకే ఇక్కడి తెలుగు సంఘాలకు ఒక మనవి. పండుగకు పాటలు, నాటికలు, విందు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు చలికాలంలో ఒక శుక్రవారం ఉదయం, అనుమతులు తీసుకుని, మూడు కిలోమీటర్ల నడక, పరుగు పెట్టండి. అల్ అహ్సా ఆడవాళ్ళు పరుగెత్తినంత దూరం చాలు. కార్మికుల క్యాంపులకు బస్సు పంపండి. బూట్లు లేనివారికి బూట్లు ఇవ్వండి. రాలేనివారిని ఎందుకు రాలేకపోయారో అడిగి తెలుసుకోండి, అందులో కొన్నింటికి మనం చేయగలిగిన సాయం ఉంటుంది. ఆ తరువాత అందరం ఒకే చాపమీద కూర్చుని ఉప్పు మజ్జిగ తాగుదాం. పరుగెత్తి పాలు తాగడమా, నిలబడి నీళ్ళు తాగడమా అన్న పాత ప్రశ్న అప్పుడు మనల్ని బాధించదు.